మంచు కింద ఊపిరి

మార్గశిర బహుళ దశమి

ఈ ఉదయం గొయ్యి తవ్వి చూస్తే అడుగు మంచు చేతిలో నిలవలేదు. పిడికిలి బిగించి తీశాను. వేళ్ళ సందుల్లోంచి ఇడ్లీ రవ్వలా జారిపోయింది.

కార్తీకంలో పడిన తొలి మంచు అది. ఆ తర్వాత నెల రోజులుగా కొత్త మంచు లేదు. లోయలో మేఘాలు విత్తి మంచు కురిపించే కేంద్రం మరమ్మతులో ఉంది. ఆకాశం తేటగా ఉంది, చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. ఇలాంటి చలిలో పాత మంచు గింజగింజగా విడిపోతుంది. దాని మీద ఎంత మంచు పడినా అతుక్కోదు. గోళీల మీద పలక పరిచినట్టే ఉంటుంది.

నా పని ఇదే. మా ఊరు కొత్తలంకకి పైన, కరకట్ట మీదున్న విడిదిలో చలికాలమంతా ఉండి, రోజూ మంచు చూసి జెండా కట్టాలి. పచ్చజెండా ఉంటే వచ్చినవాళ్ళు స్కీలు తొడుక్కుని వాలులోకి జారవచ్చు. ఎర్రజెండా ఉంటే వెళ్ళకూడదు.

కరకట్ట అంటే ఇక్కడ ఏటి గట్టు కాదు, రెండు లోయల మధ్య నిలబడ్డ కొండ అంచు. సముద్రం డెల్టాని తినేశాక మా తాతల్ని తెచ్చి ఈ హిమాలయపు లోయలో దింపారు. వాళ్ళు కొండలకి కూడా తమకి తెలిసిన పేర్లే పెట్టుకున్నారు. విడిదికి తూర్పున ఉన్న వెడల్పాటి వాలు పేరు పెద్దపాయ. మంచు చరియ తెగి కిందికి దూకితే దాన్ని తెల్ల ఉప్పెన అంటారు. మా అత్తగారు రాఘవమ్మ ఆ మాట ఇప్పటికీ గొంతు తగ్గించే పలుకుతుంది. మావయ్యని తీసుకుపోయింది అదే. మంచులో కూరుకుపోయిన ఇద్దర్ని తవ్వడానికి వెళ్ళిన నలుగురిలో ఆయనొకడు. వాళ్ళు తవ్వుతుండగా, పైన తెగకుండా మిగిలిన మంచు వాళ్ళ మీద పడింది. ఆరుగురిలో ఒక్కరూ రాలేదు.

అప్పుడే ఊళ్ళో కట్టుబాటు పెట్టారు. తవ్వేవాళ్ళు వాలులో దిగాలంటే విడిదిలో ఉండి మంచు చూసే కాపు ఒప్పుకోవాలి. ఇప్పుడు ఆ కాపుని నేనే.

మార్గశిర అమావాస్య

పొగగొట్టంలో మసి గడ్డకట్టి పొయ్యి రాజుకోలేదు. కోదండం పైకెక్కి గీకి శుభ్రం చేశాడు. కోదండం మా మరిది. మైదానాల నుంచి వచ్చేవాళ్ళని వాలుల మీదికి తీసుకెళ్ళే గైడ్లలో ఇతనికున్న పేరు ఇంకెవరికీ లేదు. కింద ఊళ్ళలో చలికాలం అన్నదే పోయింది కాబట్టి జనం చలి చూడటానికి ఇంత దూరం వస్తారు. కొందరు మొదటి రోజంతా ఏమీ చేయరు. నోట్లోంచి వచ్చే ఆవిరి చూసుకుంటూ కూర్చుంటారు.

వచ్చిన ప్రతివాళ్ళ ఒంటి మీదా ఇప్పుడు ఊపిరి చొక్కా ఉంటోంది. అది మంచు గింజల మధ్య ఉన్న గాలిని పీల్చి ముక్కు దగ్గరికి తెస్తుంది, వదిలిన గాలిని వీపు వైపు తోసేస్తుంది. ఇదివరకు మంచు కింద పడ్డ మనిషికి పావుగంటే గడువు. ఆలోపు తీయకపోతే అతని ఊపిరే అతనికి విషమయ్యేది. చొక్కా ఉంటే పొద్దున పడ్డ మనిషి పొద్దు గుంకేదాకా బతికి ఉంటాడు. కాలర్‌లో మైకు ఉంటుంది, మాట్లాడగలడు కూడా. చొక్కాలు వచ్చాక చాలామంది కూరుకుపోయారు. అందరూ లేచి వచ్చారు.

దాంతో ఎర్రజెండా విలువ పోయింది. ఎర్రజెండా ఆజ్ఞ కాదు, సలహా మాత్రమేనని నిరుడు పంచాయతీ తీర్మానం చేసింది. చేతులెత్తినవాళ్ళలో కోదండమూ ఉన్నాడు.

ఇద్దరం దిబ్బరొట్టె తింటుంటే ఆ మాట ఎత్తాను. చొక్కా గాలి ఇస్తుంది గాని రాయి తగలకుండా ఆపదు, మీద పడ్డ బరువు మోయదు అన్నాను.

"గాలుంటే చాలొదినా," అన్నాడు. "మిగతాది అన్నయ్య తవ్వుకుంటాడు."

అన్నయ్య అంటే మా ఆయన పాండురంగం. కింద ఊళ్ళో తవ్వకం దళానికి ఆయనే పెద్ద. ఈయన ముప్పై మందిని తవ్వి తీశాడని చెప్పుకుంటారు గాని, ఎంతమందో ఆయనకే గుర్తులేదు. తమ్ముడు స్కీలు తొడుక్కున్నప్పుడల్లా ఈయన పారలు నూనె రాసి పెడతాడు. ఒకరి పని ఒకరికి ధైర్యం.

పుష్య శుద్ధ తదియ

కేంద్రం మళ్ళీ పనిలోకి దిగింది. మైదానాల్లో నదికి నీళ్ళు చాలవట, నెల రోజులు పడాల్సిన మంచంతా ఈ నాలుగు రోజుల్లోనే దించుతారట. నేను కబురు పెట్టాను: అడుగున రవ్వ పొర ఉంది, ఒక్కసారిగా బరువు వేయకండి, ఆగి ఆగి వేయండి అని. కింద మూడు జిల్లాల్లో తాగడానికి నీళ్ళు లేవని జవాబొచ్చింది. వాళ్ళు చెప్పింది అబద్ధమేమీ కాదు.

మధ్యాహ్నానికి కిటికీ మూసుకుపోయింది. తలుపు కూడా మూసుకుపోతుందని గంటగంటకీ పారతో తీస్తూ ఉన్నాను. పడుతున్న మంచు చాలా అందంగా ఉంది. గాలి దాన్ని ఎత్తుకుపోయి పెద్దపాయ తలమీద పోగేస్తోంది.

పుష్య శుద్ధ సప్తమి

ఆకాశం విచ్చింది. తలుపు తీసి నాలుగడుగులు వేశాను. కాళ్ళ కింద గుమ్మని ఒక శబ్దం వచ్చింది. కడుపులో వినిపించే రకం శబ్దం. నేను నిలబడ్డ మంచంతా అంగుళం కుంగింది. దూరంగా ఉన్న పొద మీది మంచు ఎవరో దులిపినట్టు రాలింది. అడుగున రవ్వ పొర కూలిందన్నమాట. కరకట్ట గట్టు చదునుగా ఉంటుంది కాబట్టి పొర కూలినా పలక ఎక్కడికీ జారలేదు. వాలు మీద ఇదే జరిగితే పలక ఆగదు.

ఎర్రజెండా కట్టాను. గొయ్యి తవ్వి మంచు దిమ్మని కోసి పైన చేత్తో తట్టాను. మూడో దెబ్బకే జారి ఒళ్ళో పడింది.

సాయంత్రం, ఊరి నుంచి తీగ మీద వేలాడుతూ పైకొచ్చే తీగబండిలో కోదండం ఇద్దర్ని తీసుకొచ్చాడు. శ్యామలమ్మది వరంగల్లు. పిల్లలకి ఈత నేర్పుతుంది, యాభై దాటాయి. ఎన్నో చలికాలాలుగా వస్తూ ఉంది, నాకు చీర పెట్టేంత చనువు. రెండో ఆయన జహీర్, ఆవిడ పొరుగింటాయన. మంచు చూడటం ఇదే మొదటిసారి. పొయ్యి దగ్గర్నుంచి కదలడం లేదు.

పెద్దపాయలో జారాలని శ్యామలమ్మ కోరిక. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక అడ్డం. నేను గొయ్యిలో చూసిందంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది, ప్రశ్నలు కూడా వేసింది. చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"గా జెండా నాక్కూడా కనిపిస్తుంది సౌభాగ్యమక్కా. కని వచ్చే ఏడు నా మోకాళ్ళు నన్ను రానియ్యవు. డాక్టరు చెప్పేసిండు."

కోదండం నా వంక చూడలేదు. చొక్కాలు రెండూ పొయ్యి దగ్గర ఆరబెడుతున్నాడు.

పుష్య శుద్ధ అష్టమి

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే కోదండంతో మళ్ళీ మాట్లాడాను. కోదండం తెలివితక్కువవాడు కాడు. వాలు నడుమకి వెళ్ళనన్నాడు. ఎడమ అంచున బండరాళ్ళ వారగా, ఒకరి తర్వాత ఒకరు దిగుతామన్నాడు. జహీర్‌ని గట్టు మీదే ఉంచుతానన్నాడు. చెయ్యాల్సిన జాగ్రత్తలన్నీ చెప్పాడు, వెళ్ళకపోవడం ఒక్కటే చెప్పలేదు. ఆపడానికి నాకు అధికారం లేదు. వాళ్ళు వెళ్తుంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. శ్యామలమ్మ వెనక్కి తిరిగి చెయ్యూపింది.

కాసేపటికి నేల అదిరింది. తర్వాత జహీర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మోకాళ్ళ దాకా మంచులో పడుతూ లేస్తూ వచ్చాడు. కోదండం ముందు జారి కిందికి చేరబోతున్నాడట. ఆవిడ బయల్దేరి మూడో మలుపు తిప్పిందట. "మొత్తం వాలే పగిలింది మేడమ్," అన్నాడు. "ఆమె నిల్చున్న కాడ కాదు, ఇంకా మీద పగిలింది."

ఊరికి గంట కొట్టి పెట్టె పెట్టాను. చొక్కాల మాటలు విడిదిలోకీ, మా మాటలు చొక్కాల్లోకీ వినిపించే స్పీకరు అదే. రెండు గొంతులూ ఒకేసారి వచ్చాయి. శ్యామలమ్మ ఏడుస్తోంది, కాలు విరిగిందంటోంది. కోదండం గొంతు నెమ్మదిగా ఉంది.

"ముందు ఆవిణ్ణి తియ్యండొదినా. ఆవిడ అంచులోనే ఉంటుంది."

గట్టు చివరికి వెళ్ళి చూశాను. పెద్దపాయని సగానికి కత్తితో కోసినట్టుంది. కింది సగం ఖాళీ అయి అక్కడక్కడ నల్లరాయి తేలింది. అక్కడున్న మంచంతా లోయ అడుగున దిమ్మలు దిమ్మలుగా గుట్టపడి ఉంది. పై సగం మాత్రం అలాగే ఉంది. నిలువెత్తు మంచుగోడ కింద ఆసరా లేకుండా వేలాడుతోంది. దాని మీద అడ్డంగా ఒక పగులు.

తీగబండిలో మా ఆయన, ఇంకా ఐదుగురు వచ్చారు. చొక్కాల సంకేతాలు చూశాం. శ్యామలమ్మ నిజంగానే అంచులో ఉంది, పెద్ద బండ చాటున, లోతు తక్కువలో. పైనున్నది పడినా ఆ బండ చీలుస్తుంది. దిగమన్నాను. వాళ్ళు తవ్వుతున్నంతసేపూ నేను పై గోడ మీంచి చూపు తిప్పలేదు. ఆవిణ్ణి పైకి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. పెదవులు నీలంగా ఉన్నాయి, ఊపిరుంది. ఆవిడ మొదట అడిగింది కోదండం గురించే.

కోదండాన్ని మంచు అంచు నుంచి పాయ నడుమకి ఈడ్చుకుపోయి గుట్ట కింద పూడ్చింది. రెండు నిలువుల లోతు. పైనున్నది పడితే నేరుగా అక్కడికే వస్తుంది. తప్పుకోవడానికి చోటు లేదు.

జహీర్ అడిగాడు, ముందే మందు పేల్చి పైదాన్ని దింపేయకూడదా అని. దింపితే అదంతా కోదండం మీదే పడుతుంది. చొక్కా ఆ బరువు కింద గాలి పీల్చలేదు. ఎగిరే బండ్లు తెప్పిద్దామంటే వాటి గాలికే ఆ గోడ తెగుతుంది. తవ్వడం ఒక్కటే దారి. అంత లోతుకి ఆరుగురు సగం పూట తవ్వాలి.

మా ఆయన అప్పటికే పార భుజాన వేసుకున్నాడు. మిగతా ఐదుగురూ ఆయన వంకే చూస్తున్నారు. ఆయన వెళ్తే వాళ్ళూ వెళ్తారు.

"అది ఎప్పుడు పడుతుందో నీకు తెలుసా?" అని అడిగాడు.

తెలీదన్నాను.

"అసలు పడకపోవచ్చుగా."

"పడకపోవచ్చు."

"మరి?"

వెళ్ళనివ్వనన్నాను. నా నోటితో నేనే అన్నాను. కాపు మాటగా అంటున్నానని కూడా అన్నాను, ఎందుకంటే పెళ్ళాం మాటగా అయితే ఆయన దాటుకుని వెళ్ళేవాడు.

పెట్టెలో కోదండం ఇదంతా వింటున్నాడు. ఎంత లోతున్నానని అడిగాడు, చెప్పాను. పైది పడిందా, ఉందా అని అడిగాడు. ఉందన్నాను. గాలి లాగే చప్పుడు మాత్రం వచ్చింది.

"అయితే అన్నయ్యని పంపకొదినా. నాన్న సంగతి చాలు."

అందరూ విన్నారు. మా ఆయన పార విడిది గోడకి ఆనించి, మొహం గోడకి తిప్పుకుని గొంతుక్కూర్చున్నాడు.

ఆ తర్వాత నేను స్పీకరు ఆపేశాను. చెవికి పెట్టుకునే తీగ తగిలించుకుని నేనొక్కదాన్నే విన్నాను, నేనొక్కదాన్నే మాట్లాడాను. పొద్దు గుంకేదాకా. మిగతాది రాయలేను.

పుష్య శుద్ధ నవమి

శ్యామలమ్మని కింది ఆసుపత్రికి చేర్చారు. జహీర్ కూడా వెళ్ళాడు. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తవ్వకం దళంలో ఐదుగురూ దిగిపోయారు. మా ఆయన దిగలేదు.

గొయ్యి తవ్వాను. రవ్వ పొర అలాగే ఉంది.

పై గోడా అలాగే ఉంది.

పుష్య శుద్ధ ద్వాదశి

పంచాయతీ ఎర్రజెండాని మళ్ళీ ఆజ్ఞ చేసిందని కబురొచ్చింది. చేతులెత్తనివాళ్ళు లేరట. మైదానం నుంచి ఎవరూ రావడం లేదు. ఆసుపత్రి నుంచి శ్యామలమ్మ కూడా కబురు పంపింది: నన్ను కాకుండా ముందు అతన్నే తవ్వి ఉండాల్సింది అని. నువ్వు బండ చాటున ఉన్నావు గనక నిన్ను తియ్యగలిగాం, అతను బండ చాటున ఉంటే అతన్నీ తీసేవాళ్ళమని జవాబు పంపాను. ఇంతకంటే మెత్తగా చెప్పడం చేతకాలేదు.

మా ఆయన నాతో మాట్లాడడు. అన్నం పెడితే తింటాడు. కంచం కడిగి బోర్లిస్తాడు. గట్టు చివరికి వెళ్ళి పై గోడని చూస్తూ కూర్చుంటాడు. అది పడాలని చూస్తున్నాడో పడకూడదని చూస్తున్నాడో నాకు తెలీదు. నాకైతే పడాలని ఉంది. అది పడకుండా గడిచే ప్రతి పూటా, ఆ రోజు తవ్వి ఉండొచ్చని నాతో అంటున్నట్టే ఉంది. పడి ఉంటే నా మాట సరైనదయ్యేది. ఇలా అనుకోవడం ఎంత హీనమో తెలిసే రాస్తున్నాను. మరిది శవం మీద ఇంకో కొండంత మంచు పడాలని కోరుకుంటున్నాను.

పుష్య పౌర్ణమి

మధ్యాహ్నం లేచి చూసేసరికి విడిది గోడ దగ్గర పార లేదు. అడుగులు పెద్దపాయ వైపు ఉన్నాయి.

కేక వెయ్యలేదు. కేకకి మంచు తెగదని తెలిసినా. గట్టు చివరికి వెళ్ళేసరికి ఆయన వాలులో కొంత దూరం దిగి, బండ దాటి, పాయ నడుమకి నడుస్తున్నాడు. పైన గోడ, కింద ఆయన. పచ్చటి కోటులో చిన్నగా కనబడుతున్నాడు.

నేనూ దిగాను. కాపుగా చెయ్యకూడని పని. బండ దాకా వెళ్ళి ఆగాను.

నడుమకి చేరేలోపు మంచు గుమ్మంది. నా కాళ్ళ కిందా తెలిసింది. ఆయన ఉన్నచోటే నిలబడిపోయాడు. తలెత్తి పైకి చూశాడు. పై గోడ అంచు నుంచి ఇంత మంచు, చాటలో చెరిగినంత, జలజలా రాలింది. ఆగింది. చాలాసేపు ఇద్దరం కదల్లేదు. తర్వాత ఆయన తన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి వచ్చాడు. నా పక్కనుంచి నడుస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు, గట్టు ఎక్కేదాకా వదల్లేదు.

విడిదిలో కూర్చున్నాక మాట్లాడాడు. ఇన్నాళ్ళలో ఇదే మొదటి మాట.

"చివర్లో వాడు ఏమన్నాడు?"

చెప్పకుండా ఉండొచ్చు. ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు కూడా. అయితే ఈయనతో ఇంకా బతకాలి, ఆ అబద్ధాన్ని మధ్యన పెట్టుకుని బతకలేను.

మొదట ఊరికే మాట్లాడాడని చెప్పాను. చేతులు తెలియడం లేదన్నాడు. చీకటిగా లేదొదినా, నీలంగా ఉంది అన్నాడు. శ్యామలమ్మని తీశారా అని రెండుసార్లు అడిగాడు. తీశామంటే నవ్వాడు. పొద్దు వాలాక గాలి తగ్గడం మొదలైంది. అప్పుడు మాట మారింది.

"రమ్మన్నాడు," అన్నాను. "అన్నయ్యని పంపించొదినా అన్నాడు. ఇందాక వద్దన్నది తప్పు, పంపించు అన్నాడు. చాలాసార్లు అన్నాడు. నేను ఇదిగో వస్తున్నారు అన్నాను. అలా అంటూనే ఉన్నాను. పారల చప్పుడు వినబడట్లేదేంటి అన్నాడు. లోతు కదా, వినబడదు అన్నాను."

ఆయన రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. నేను దగ్గరికి వెళ్ళలేదు. ఆ హక్కు ఉందో లేదో తెలియలేదు.

కాసేపటికి చేతులు తీశాడు.

"అది నాకు వినబడి ఉంటే వెళ్ళేవాణ్ణి. నువ్వు తలుపుకి అడ్డం పడినా వెళ్ళేవాణ్ణి. ఆ ఐదుగుర్నీ తీసుకెళ్ళేవాణ్ణి."

"తెలుసు. అందుకే స్పీకరు ఆపాను."

నా వంక చూశాడు. పెళ్ళినాటి నుంచి చూస్తున్న మొహాన్ని మళ్ళీ మొదట్నుంచి చదువుకుంటున్నట్టు చూశాడు. క్షమించాడని రాయను. అక్కడే కూర్చున్నాడు, లేచి వెళ్ళలేదు. అంతే రాస్తాను.

"అమ్మకి మాత్రం మొదటి మాటే చెప్పు," అన్నాడు.

పుష్య బహుళ విదియ

విడిదికి తాళం వేసి ఇద్దరం తీగబండిలో కిందికి దిగాం. ఇంక ఈ చలికాలం ఎవరూ రారు. కోదండాన్ని మంచు కరిగాకే తీయగలం.

అత్తయ్య వాకిట్లోనే ఉంది. నన్ను చాపమీద కూర్చోబెట్టి ఎదురుగా కూర్చుంది. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నువ్వే కదా విన్నావు, చెప్పు అంది. అన్నయ్యని పంపొద్దు, నాన్న సంగతి చాలు అన్నాడని చెప్పాను.

ఆవిడ తల ఊపింది. "వాళ్ళ నాన్న పోయినప్పుడు వాడు నడుమెత్తు పిల్లోడు," అంది. "ఏమీ గుర్తులేదనుకున్నాను."

తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇంకేమీ అన్లేదా అమ్మా?"

గుమ్మం దగ్గర మా ఆయన నేల చూస్తున్నాడు.

"లేదత్తయ్యా," అన్నాను. "నిద్రపోయాడు."